మా అన్న వినని కేసు

మా అన్న హైకోర్టు జడ్జిగ చేసి రిటైరయిండు. మా గల్లీల ఎవరికన్న అడ్రసు చెప్పాల్నంటే ఇప్పటికీ 'జడ్జిసాబ్ ఇల్లు' అనే చెప్తరు. ఆ ఇంట్ల ఉన్నది మాత్రం బాపు, నేను. జడ్జి అయినంక అన్న ఆ ఇంట్ల ఒక్క రాత్రి కూడా పండలే.

మాది పాలు పోసుకుని బతికిన ఇల్లు. అఫ్జల్‌గంజ్ నుంచి నది దాటి ఇవతలికొస్తే బట్టల దుకాణాలు, గాజుల దుకాణాలు, వాటి ఎనక సందుల్ల మా గల్లీ. ముంగట ఇల్లు, ఎనక బర్రెల కొట్టం. గల్లీ మొత్తం గట్లనే. మా తాత, ఆయన తండ్రి, అందరిదీ గదే పని. తెల్లారకముందే పాలు పిండి చాయ్ హోటళ్ళకు, ఇండ్లకు పోసుడు, పేడ ఎత్తుడు, కుడితి కలుపుడు, మళ్ళ పొద్దుమూకంగ పిండుడు. మా డాబా ఎక్కితే నది ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనవడుతుండె. బాపు దాన్ని అదాలత్ అనేటోడు. గదాంట్ల తన కొడుకు కూసుంటడని ఆయన ఎన్నడూ అనుకోలే. మేమెవ్వరం అనుకోలే.

అన్న పొద్దున పాలు పోసి, పగలు ఒక బట్టల దుకాణంల పని చేసి, సాయంత్రం కాలేజీల లా చదివిండు. అమ్మ అప్పటికి బతికే ఉన్నది. కొత్తగ కుట్టించుకున్న నల్లకోటును కొట్టం దిక్కు తగిలియ్యొద్దని, పేడ వాసన పడుతదని, ముందర అర్రల మేకుకు తగిలిచ్చి మీద పాత చీర కప్పేది. మొదట్ల అన్నకు కేసులు లేకుండె. ఒక పెద్ద వకీలు దగ్గర ఫైళ్ళు మోసుడే పని. అయితే ఆయనకు ఉర్దూ సదువొచ్చు. గాజుల దుకాణం ముసలాయన దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నడు. పాతబస్తీల ఇండ్ల కాయితాలన్నీ ఉర్దూలనే ఉంటయి గద, కిరాయి లొల్లులు, వాటాల లొల్లులు ఉన్నోళ్ళు ఒక్కొక్కరే ఆయన దగ్గరికి వచ్చుడు మొదలువెట్టిండ్రు. సివిల్ కోర్టుల పేరొచ్చింది. తర్వాత హైకోర్టుకు పోయిండు. నది ఒడ్డున ఆ ఎర్రరాయి మెట్లు ఎక్కుడు దిగుడుతోనే ఆయన తల నెరిసింది.

జడ్జి అయిన రోజు బాపు కొత్త ధోతి కట్టిండు, తలకు తెల్ల రుమాలు సుట్టిండు. మమ్ముల ముందు వరుసల కూసోవెట్టిండ్రు. అన్న ఇంగ్లీషుల ప్రమాణం సదివిండు. ఇంటికొచ్చినంక అండ్ల ఏమున్నదని బాపు అడిగిండు. ఎవరన్నా భయం లేకుండ, ఎవరి మీద ప్రేమ గాని పగ గాని పెట్టుకోకుండ పని చేస్తనని ఒట్టు పెట్టుకున్ననని అన్న చెప్పిండు.

బాపు నవ్విండు. "పగ సరే. ప్రేమ కూడ వద్దంటరా?" అన్నడు.

అన్న కూడ నవ్విండు గాని ఆ రోజే మమ్ముల కూసోవెట్టి కొన్ని మాటలు చెప్పిండు. తన పేరు మీద ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవద్దు. కేసుల ముచ్చట తన దగ్గరికి తేవద్దు. గల్లీల పెండ్లిళ్ళకు, దావత్‌లకు ఇదివరకటి లెక్క రాలేనని, వస్తే ఎవడో ఒకడు పక్కన కూసుని ఫోటో దిగి, రేపు అదే ఫోటో పట్టుకుని తిరుగుతడని చెప్పిండు. బాపు అన్నిటికీ తల ఊపిండు. అన్న, వదిన సర్కారు బంగ్లాకు పోయిండ్రు. నా పెనిమిటి అప్పటికే పోయిండు. నేను సంతోష్‌నగర్ల ఒక బడిల టీచర్ని. బాపు ఒక్కడే అయితడని నేను ఈ ఇంట్లనే ఉండిపోయిన.

మొదట్ల అన్న ఆదివారం ఆదివారం వస్తుండె. కారు గల్లీలకు రాదు. మెయిన్ రోడ్డు మీద ఆగితే, తుపాకి పట్టుకున్న పోలీసాయన ముందల, అన్న ఎనక, బర్రెల నడుమకెళ్ళి నడుసుకుంట వచ్చేటోళ్ళు. వచ్చిన గంటల్నే అరుగు మీద మంది జమయ్యేది. ఒకాయన చేతుల పెన్షన్ కాయితం, ఇంకొకాయన అల్లుని కేసు. అన్న లేచి దండం పెట్టి, నేను ఇవి సూడొద్దు, వకీలు దగ్గరికి పోండ్రి అనేటోడు. వాళ్ళు మొఖాలు ముడుసుకుని పోయేటోళ్ళు. మెల్లమెల్లగ ఆదివారాలు తగ్గినయి. బాపు మాత్రం పొద్దున్నే మా బర్రె పాలు ఒక క్యాన్ల పోసి పంపిస్తుండె. బడికి పోయే ముందు అఫ్జల్‌గంజ్ల బస్సెక్కి నేనే ఇచ్చొచ్చేదాన్ని. వదిన క్యాను కడిగి ఇచ్చేది. అన్న అప్పటికే ఫైళ్ళ ముంగట కూసునే ఉంటుండె.

దీపావళి ఎల్లినంక మా పాలోళ్ళు సదర్ చేస్తరు. దున్నలకు నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, మెడల పూలదండలేసి డప్పులతోని ఊరేగిస్తరు. మా గల్లీల సదర్‌కు పెద్ద మా కాక. కాక మాకు రక్తసంబంధం కాదు. పక్కింటాయన, బాపు కంటే చిన్నోడు. అన్నకు పాలు పిండుడు నేర్పింది ఆయనే. వకీలు అయినంక కూడ అన్న సదర్ల కాక పక్కన నడుసుకుంట దున్న తాడు పట్టుకునేటోడు. జడ్జి అయినంక రాలే. మొదటి యేడు కాక స్వయంగ బంగ్లాకు పోయి పిలిచిండు. అన్న చాయ్ తాపి పంపిండు గాని వస్తనని చెప్పలే. కాక ఇంటికొచ్చి బాపుతోని, పెద్దోడైండు, పని ఉంటదిలే అన్నడు. మనసుల ఏమనుకున్నడో మాకు తెలువది.

నేను ఒక్కసారి అన్న కోర్టు హాలుకు పోయిన. బడికి సెలవుండె. ఎనక బెంచీ మీద కూసున్న. వకీలు లేకుండ వచ్చిన ఒక ముసలామె, మొగుడు సచ్చిపోతే రావాల్సిన పెన్షన్ రాలేదని చెప్తున్నది. చెప్పిందే చెప్తున్నది, నడుమల ఏడుస్తున్నది. ఎదుటి వకీలు గడియారం సూసుకుంటున్నడు. అన్న పెన్ను కింద పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆమె అయిపోయిందనే దాంక విన్నడు. ఇంకేమన్న ఉన్నదా అమ్మా అని తెలుగుల అడిగిండు. ఆ రోజు ఇంటికొచ్చి బాపుకు ఇదంత చెప్పిన. బాపు మళ్ళ మళ్ళ చెప్పిచ్చుకున్నడు. చాయ్ హోటల్ల పాలు పోయనీకె పోయినప్పుడు అక్కడోళ్ళకు కూడ చెప్పిండట.

గట్ల ఉండంగ మా గల్లీ మీద హుకుం వచ్చింది. ఊరు నడుమల బర్రెల కొట్టాలు ఉండొద్దు, మోరీలు నిండుతున్నయి, దోమలు అయితున్నయి, అందరు ఊరు బయటికి పోవాలె అని నోటీసు అంటిచ్చిపోయిండ్రు. ఊరు బయట జాగా ఎక్కడున్నదో ఎవ్వరూ చెప్పలే. గల్లీలోళ్ళంత మాట్లాడుకుని హైకోర్టుకు పోవాల్ననుకున్నరు. ఒక పడుసు వకీలును పెట్టుకున్నరు. కాయితాల మీద కాక సంతకం చేసిండు, బాపు కూడ చేసిండు. అన్నకు చెప్పాల్నా అని నేను అడిగితే బాపు వద్దన్నడు. కేసుల ముచ్చట తేవద్దని చెప్పిండు గద, మనం మాట తప్పొద్దు అన్నడు.

కేసు అన్న ముంగటికే వచ్చింది. ఎవరూ కావాలని చేసింది కాదు. ఏ రకం కేసు ఏ జడ్జికి పోవాల్నో కోర్టుల ముందే పంచుకుంటరట, మా అసుంటి కేసులు ఆ దినాలల్ల అన్న దగ్గర ఉన్నయి. ఆ జడ్జి ఈ కేసు పట్టకపోవచ్చని పడుసు వకీలు ముందే చెప్పిండు. గల్లీలోళ్ళు ఆయన మాట ఇనలే. కాక మా ఇంటికొచ్చి, ఫికర్ లేదన్నా, మన పిలగాని ముంగటికే పోయింది, మనం ఇడమర్చి చెప్పుడు అవసరం లేదు, మన కష్టం వానికి తెల్సు అన్నడు. ఆ మాట బాపుకు కూడ లోపల పట్టిందని నాకు అర్థమైంది. కోర్టు రోజు పొద్దున రుమాలు తనే ఇస్త్రీ చేసుకున్నడు.

అందరం పోయినం. ఎనక బెంచీలన్ని మా గల్లీలోళ్ళతోని నిండినయి. మా కేసు పిలిచిండ్రు. పడుసు వకీలు లేచి నిలవడ్డడు. అన్న ఫైలు తెరిచి మొదటి పేజీ సూసిండు. అండ్ల గల్లీ పేరున్నది, కాక పేరున్నది, బాపు పేరున్నది. తలెత్తి హాలు దిక్కు సూడలే. ఫైలు మూసి పక్కనున్న క్లర్కుకు ఇచ్చుకుంట ఇంగ్లీషుల ఒక ముక్క అన్నడు. వకీలు తల వంచి ఎనకకు జరిగిండు. ఇంకో కేసు పిలిచిండ్రు.

బాపుకు ఏం జరిగిందో అర్థం కాలే. తరువాత మనల్ని పిలుస్తరేమోనని అట్లనే కూసున్నడు. నేను చెయ్యి పట్టుకుని లేపి బయటికి తీస్కొచ్చిన. వరండాల వకీలు అందరికీ వివరంగ చెప్పిండు. అయ్యగారు ఈ కేసు వినరు, వేరే జడ్జి దగ్గరికి పంపిండ్రు, తండ్రి పేరున్న కేసు వినొద్దు, అది కోర్టు నియమం, కాయిదా అన్నడు.

"వినడా?" అన్నడు బాపు.

"వినొద్దు తాతా."

కాక స్తంభానికి ఆనుకుని నిలవడ్డడు. ఆయన కాయిదా గురించి అడగలే. "తలకాయెత్తి మన దిక్కు ఒక్కపారి సూసినా సాలుతుండె," అన్నడు. ఆ తర్వాత అందరికంటే ముందల మెట్లు దిగి పోయిండు.

వేరే జడ్జి దగ్గర కేసు నిలవలే. ఖాళీ చేయనీకె కొంత గడువిచ్చిండ్రు, అంతే. అన్న విన్నా గదే తీర్పు అవుతుండెనేమో. వకీలు కూడ అదే అన్నడు, చట్టం మన దిక్కు లేదని. గల్లీల ఎవ్వరూ దాన్ని నమ్మలే. మనోడు చెయ్యి దులుపుకున్నడు, గందుకే ఇంకొకాయన కొట్టేసిండు అన్నరు. కొంతమంది ఊరు బయట కిరాయి జాగా సూసుకుని పోయిండ్రు. ఎక్కువమంది బర్రెలను అమ్మేసిండ్రు. మా బర్రెలను కూడ డీసీఎం లారీల ఎక్కిచ్చిండ్రు. ముసలి బర్రె పలక మీద కాలు పెట్టనంటె, బాపు లోపలికి పోయి కుడితి గోలెం తెచ్చి బండిల పెట్టిండు. అప్పుడు ఎక్కింది. బండి మెయిన్ రోడ్డు ఎక్కినంక బాపు కొట్టంలకు పోయి ఊడిసిండు. ఊడిసేదేమీ లేకున్నా మళ్ళ ఊడిసిండు.

కొన్ని దినాలకు అన్న వచ్చిండు. ఎప్పటి లెక్క పోలీసాయనను తేలే. గల్లీల నడిచొస్తుంటే అరుగుల మీద కూసున్నోళ్ళు ఎవ్వరూ లేవలే, ఎవ్వరూ దండం పెట్టలే. ఆయన సక్కగ కొట్టంలకు పోయిండు. బాపు అక్కడే ఎత్తుపీట మీద కూసున్నడు. నేను చాయ్ పట్టుకుని పోయిన. మా ఇంట్ల మొదటిసారి ప్యాకెట్ పాలతోని కాసిన చాయ్ అది. అన్న గ్లాసు అందుకుని బాపు ముంగట కింద కూసున్నడు.

బాపే మొదలువెట్టిండు. "నువ్వు విని, మీదే తప్పు అని చెప్పినా నేను ఒప్పుకుందు. విననే లేదు."

"నేను వింటే అది న్యాయం కాదు బాపు. నేను నీ కొడుకును."

"కొడుకువే. గందుకే అడుగుతున్న. ఊరోళ్ళందరిదీ వింటవట. మీ చెల్లె చెప్పింది."

అన్న చాయ్ గ్లాసు చేతుల పట్టుకుని అట్లనే కూసున్నడు. నేను అక్కడ నిలవడలేక లోపలికి వచ్చిన. కొంచెం సేపటికి అన్న పోయిండు. గ్లాసు తియ్యనీకె పోతే చాయ్ నిండుగనే ఉన్నది, మీద మీగడ కట్టింది.

తర్వాత నాకు ఒకసారి బంగ్లాల అన్న చెప్పిండు. ఆ రోజు తలెత్తితే బాపు కనవడుతడని తెలిసే తలెత్తలేదట. హాలుల మా గల్లీలోళ్ళ దగ్గు కూడ ఎవరిదేదో గుర్తువట్టినని, ఫైలు మీద బాపు పేరు సూసినంక ఇంకో పేజీ తిప్పలేదని చెప్పిండు. నేను ఇవన్ని బాపుకు చెప్పాల్నా అంటే వద్దన్నడు. చెప్తే నన్ను నేనే సమర్థించుకున్నట్టు అయితది అన్నడు.

ఆ యేడే ఆయనను వేరే రాష్ట్రం హైకోర్టుకు బదిలీ చేసిండ్రు. అక్కడి భాష ఆయనకు రాదు. ఫోన్ల వదిన చెప్పేది, ఇంట్ల పనామెతోని మాట్లాడనీకె కూడ డ్రైవరు ఉండాల్సి వస్తుందని, సాయంత్రమైతే ఈయన ఫైళ్ళు తప్ప ఇంకోటి ముట్టుకుంటలేడని. కక్షిదారులు అక్కడి భాషల ఏడుస్తుంటే వకీలు ఇంగ్లీషుల చెప్పేదాంక ఆగాల్సొస్తుందని, గదొక్కటి తనకు మస్తు కష్టంగ ఉంటదని అన్న నాతోని అన్నడు. వదినకు అక్కడే గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీస్కపోయిండ్రు గాని దక్కలే. పిల్లలు లేరు. అన్న ఒక్కడే ఆమెను విమానంల తెచ్చిండు.

బాపు పనిలేక పాడైండు. పొద్దున లేవుడు ఆయనకు అలవాటు. చీకటి ఉండంగనే లేచి, చేసేది లేక అరుగు మీద కూసునేటోడు. చాయ్ హోటలోళ్ళు తమకు వచ్చే ప్యాకెట్ పాల బండి కాడ నిలవడ్డ బాపును సూసి, ఆయియే బాపూ అని కూసోవెట్టి చాయ్ ఇస్తుండ్రి. మొదట్ల పోయిండు, తర్వాత బంద్ చేసిండు. ఒక చలికాలం దమ్ము పట్టి మంచాన పడ్డడు. అన్న కోర్టుకు సెలవు పెట్టి వచ్చిండు. వచ్చేసరికి బాపుకు మాట పోయింది. కండ్లు మాత్రం తెరిచే ఉన్నయి. అన్న మంచం పక్కన కింద కూసుని రాత్రంత బాపు కాళ్ళు ఒత్తిండు. ఆ తెల్లారి బాపు పోయిండు.

గల్లీల లొల్లి ఎంతున్నా సావుకు అందరొచ్చిండ్రు. ఊరు బయటికి పోయినోళ్ళు కూడ బండ్ల మీద వచ్చిండ్రు. పాడె కట్టింది కాకనే. కొరివి పట్టుకుని అన్న ముందల నడిచిండు. పురానాపూల్ శ్మశానం దాంక డప్పులు కొట్టిండ్రు. అన్ని పద్ధతిగ చేసిండ్రు, బాపుకు ఏ లోటూ చెయ్యలే. అన్నతోని మాత్రం ఎవ్వరూ మాట్లాడలే. స్నానాలు చేసి వచ్చేటప్పుడు అన్న కాక దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నడు. కాక ఇడిపిచ్చుకోలే. అట్లని గట్టిగ పట్టుకోలే కూడ. కొంచెం సేపు ఉండనిచ్చి, పోయొస్తా అని పోయిండు.

రిటైరయినంక అన్న తిరిగొచ్చి సంతోష్‌నగర్ల ఫ్లాటు కిరాయికి తీసుకున్నడు. మన ఇంట్లకే రమ్మని నేనన్న. గల్లీలోళ్ళు రోజూ నా మొఖం సూడాల్సొస్తది, వాళ్ళకెందుకు ఆ బాధ అన్నడు. పెద్ద పెద్ద కంపెనీలోళ్ళు పంచాయితీలు తెంపనీకె పిలుస్తున్నరు, పోతలేడు. పొద్దున పేపరు సదువుతడు, సాయంత్రం ఆటోల నా దగ్గరికి వస్తడు. కొట్టం జాగాల ఇప్పుడు మోటర్‌సైకిళ్ళ మెకానిక్ షెడ్డున్నది. కిరాయికిచ్చినం. ఆ చప్పుడుల కూసుని మేమిద్దరం చాయ్ తాగుతం.

పోయిన వానకాలం కాక కాలం చేసిండు. నేను ఫోన్ చేస్తే అన్న వెంటనే వచ్చిండు. తెల్లంగి, తెల్ల పైజామా. మంది ఎనక నిలవడ్డడు. పాడె లేపేటప్పుడు ముందలికి వచ్చి భుజం పెట్టనీకె వంగిండు. కాక కొడుకు అన్న కంటే చాలా చిన్నోడు, ఒకప్పుడు అన్నా అన్నా అనుకుంట మా ఇంట్ల తిరిగినోడు. అతను ఆపి, మర్యాదగనే చెప్పిండు.

"మీకెందుకు సార్ కష్టం. మేమున్నం గద."

అన్న చెయ్యి తీసేసిండు. అయినా ఇంటికి మళ్ళలే. వానల తడుసుకుంట అందరి ఎనక పురానాపూల్ దాంక నడిచిండు. చితి అంటుకునే దాంక అక్కడే ఉన్నడట.

తిరిగొచ్చి మా నల్లా కింద కాళ్ళు కడుక్కున్నడు. నేను పొడిబట్ట ఇచ్చిన, అన్నం పెట్టిన. కొంచెం తిన్నడు. చెయ్యి కడుక్కున్నంక అడిగిండు.

"నేను బదిలీ మీద పోయినంక బాపు ఎప్పుడన్న ఆ కేసు ముచ్చట తీసిండా?"

ఏదన్న మంచి మాట చెప్పాల్ననిపిచ్చింది. నా కొడుకు చేసింది సరైందే అని బాపు అన్నడని చెప్తే ఆయన నమ్మునేమో. జీవితమంత సాక్షుల మాటలు విన్న మనిషి ముంగట అది నా నోటికి రాలే.

"లేదన్నా. ఒక్కసారి కూడ తియ్యలే," అన్న.

ఆయన తల ఊపిండు. వాన తగ్గేదాంక కూసున్నడు. మెయిన్ రోడ్డు దాంక పోయి నేనే ఆటో ఎక్కిచ్చిన.